ఇంగ్లండ్ పల్లెసీమల్లో సాహిత్య యాత్ర: కుటుంబంతో కారులో వెళ్లేవారు ఏ ప్రాంతాన్ని ఎంచుకోవాలి?

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవి అంటే స్వదేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ, బడికి సెలవులిచ్చిన పిల్లలనూ ఒకే కారులో ఎక్కించుకొని తిప్పవలసిన కాలం. లండన్ వీధులూ ఎడిన్‌బరో కోటా చూడడం పూర్తయ్యాక, ఎప్పుడో కళాశాలలో చదువుకున్న కవుల ఊళ్లు చూడాలన్న కోరిక ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన తండ్రికో, నవలలంటే ప్రాణం పెట్టే తల్లికో కలగడం సహజం. ఆ కోరిక తీర్చడానికి పూనుకున్నవారికి మొదటి చిక్కు ఎంపికతోనే వస్తుంది. షేక్స్‌పియర్ ఊరు దేశం నడిమధ్యన ఉంది, వర్డ్స్‌వర్త్ సరస్సులు వాయవ్యాన ఉన్నాయి, బ్రాంటీ సోదరీమణుల ఊరు యార్క్‌షైర్ కొండల్లో ఉంది, జేన్ ఆస్టెన్, థామస్ హార్డీల ఊళ్లు దక్షిణాన ఉన్నాయి. వీటన్నింటినీ ఒక వారంలో చుట్టబెట్టాలని చూస్తే వారంలో సగం మోటార్‌వేల మీదే గడిచిపోతుంది. లండన్ నుంచి వర్డ్స్‌వర్త్ ఊరైన గ్రాస్‌మియర్‌కు సుమారు 280 మైళ్లు. ఎక్కువగా ఆగకుండా నడిపినా ఐదారు గంటలు పడుతుంది. అందుకే ఒక యాత్రకు ఒక ప్రాంతం చాలన్న నియమం పెట్టుకోమని ముందే చెబుతున్నాను. ఆ ఒక్క ప్రాంతం ఏది కావాలన్నదే ఇక్కడి పోలిక.

రచయిత ఇల్లు ఎంత పేరున్నదైనా లోపల చూడడానికి గంటన్నరకు మించి పట్టదు. ఇరుకు మెట్లు, అడ్డంగా తాళ్లు కట్టిన గదులు, ముట్టుకోకూడని బల్లలు చూసి ఎనిమిదేళ్ల పిల్లవాడికి పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కింది గదిలోనే కూర్చుండిపోతుంది. మిగిలిన రోజంతా ఎలా గడుస్తుందన్నది ఆ ఇంటి గుమ్మం బయట ఏముందన్న దానిని బట్టి ఉంటుంది. రచయిత రాసిన నేల, నీరు, గాలి ఆ గుమ్మం ముందే మొదలైతే పుస్తకం చదివినవారికి తాము ఊహించుకున్నది కళ్లెదుట కనిపిస్తుంది, చదవనివారికి కూడా చూడదగిన చోటు దొరుకుతుంది. కాబట్టి ప్రాంతాలను పోల్చేటప్పుడు నేను ఇంటి ప్రసిద్ధికి తక్కువ, ఇంటి చుట్టూ ఉన్న నేలకు ఎక్కువ విలువ ఇచ్చాను. కారులో ఎవరెవరు కూర్చుంటున్నారన్నది దాని తర్వాత చూడవలసిన విషయం.

లేక్ డిస్ట్రిక్ట్: మూడు తరాలవారికీ

కనీసం నాలుగు రోజుల సమయం ఉండి, కారులో తాతయ్య నుంచి మనవడి వరకు అందరూ ఉంటే, లేక్ డిస్ట్రిక్ట్‌ను మించిన ఎంపిక లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. కొండలూ సరస్సులూ రాతి గోడల పొలాలూ కలిసిన ఈ ప్రాంతానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులో ప్రకృతితోపాటు ఇక్కడి కవులకూ రచయితలకూ భాగముంది. వర్డ్స్‌వర్త్ 1770లో దీని అంచున ఉన్న కాకర్‌మత్‌లో పుట్టి, 1799 నుంచి 1808 వరకు గ్రాస్‌మియర్‌లోని డవ్ కాటేజ్‌లో నివసించి, 1850లో దగ్గరలోని రైడల్‌లో కన్నుమూశారు. డవ్ కాటేజ్ అంతకుముందు బాటసారుల సత్రం. కింది గదుల్లో రాతి నేల, చెక్క పలకల గోడలు, చిన్న కిటికీల వల్ల పట్టపగలే మసక చీకటి. పైఅంతస్తులోని ఒక చిన్న గదికి చలి ఆపడం కోసం కవి సోదరి డొరొతీ గోడల నిండా వార్తాపత్రికలు అంటించింది. గొప్ప కవితలన్నీ ఇంత ఇరుకింట్లోనా పుట్టాయన్న ఆశ్చర్యం పాఠం చెప్పినవారికైనా, పాఠం చదివినవారికైనా ఆ గదిలో నిలబడ్డప్పుడే కలుగుతుంది.

మన పాఠ్యపుస్తకాల్లో తరతరాలుగా ఉన్న డాఫొడిల్ పూల కవితకు మూలమైన చోటు ఇక్కడికి కొంత దూరంలో, అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున గ్లెన్‌కోయిన్ అనే చోట ఉంది. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ ఒడ్డున నడుస్తూ పూలను చూశారని డొరొతీ దినచర్యలో ఉంది. 1807లో అచ్చయిన కవితలో మాత్రం కవి ఒంటరిగా తిరిగినట్టు రాసుకున్నారు. దినచర్యలోని ఆ భాగాన్నీ కవితనూ ఫోనులో దగ్గర పెట్టుకొని, సరస్సు ఒడ్డున కూర్చొని రెండింటినీ పైకి చదివితే, పదో తరగతి పిల్లలకు కవిత ఎలా తయారవుతుందో ఏ వ్యాఖ్యానమూ లేకుండానే తెలుస్తుంది. అయితే ఆ పూలు మార్చి మధ్య నుంచి ఏప్రిల్ వరకే ఉంటాయి. ఆగస్టులో వెళ్లేవారికి సరస్సు, చెట్లు తప్ప పూలు కనిపించవన్న సంగతిని ఇంట్లో పెద్దలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి. రాయప్రోలు, కృష్ణశాస్త్రి తరం భావకవులపై ఇంగ్లీషు రొమాంటిక్ కవుల ప్రభావం గురించి విన్నవారికి, ఆ ప్రకృతి ఆరాధన ఏ నేల మీద మొలిచిందో చూడడం ప్రత్యేకమైన అనుభవమే.

గ్రాస్‌మియర్ చర్చి ఆవరణలో వర్డ్స్‌వర్త్ కుటుంబ సమాధులు చాలా నిరాడంబరంగా ఉంటాయి. ఆవరణ మూలన పాత ఊరి బడి భవనంలో 1854లో సారా నెల్సన్ అనే ఆవిడ మొదలుపెట్టిన అల్లం రొట్టెల దుకాణం ఇప్పటికీ నడుస్తున్నది. అల్లం ఘాటు దారి వరకు వస్తుంది; ఈ దేశపు మిఠాయిలు చప్పగా ఉంటాయని పెదవి విరిచే మన పెద్దవాళ్లకు ఆ ఘాటు నచ్చుతుంది.

చిన్నపిల్లలకు ఈ ప్రాంతంలో అసలు ఆకర్షణ బియాట్రిక్స్ పాటర్. నీలం కోటు వేసుకున్న కుందేలు పిల్ల కథ 1902లో పుస్తకంగా వచ్చాక, ఆ రాబడి తోడ్పాటుతో ఆమె 1905లో నియర్ సోరీ గ్రామంలో హిల్ టాప్ అనే పొలాన్నీ ఇంటినీ కొన్నారు. ఆమె బొమ్మల్లో కనిపించే మెట్లు, వంటగది పొయ్యి, తోట గేటు ఆ ఇంట్లో అలాగే ఉన్నాయి. పుస్తకం వెంట తీసుకెళ్లి, బొమ్మ ఉన్న పేజీ తెరిచి గదితో పోల్చి చూడమంటే, మ్యూజియం అంటేనే మొహం చిట్లించే పిల్లలు కూడా మూల మూలా వెతుకుతారు. 1943లో మరణించేనాటికి ఆమె 4,000 ఎకరాలకు పైగా భూమిని, 14 పొలాలను నేషనల్ ట్రస్టు అనే వారసత్వ పరిరక్షణ సంస్థకు రాసి ఇచ్చారు; నేడు మనం తిరిగే కొండవాలుల్లో కొంత భాగం చెక్కుచెదరకుండా ఉండడానికి ఆ దానమే కారణం. హిల్ టాప్‌కు బౌనెస్ నుంచి విండర్‌మియర్ సరస్సును కారుతో సహా దాటించే ఫెర్రీలో వెళ్తే పిల్లలకు అదొక సరదా. ఇల్లు చిన్నది కనుక నిర్ణీత సమయానికే లోపలికి పంపుతారు. టికెట్టు ముందుగా తీసుకోకుండా వేసవిలో వెళ్లడం మంచిది కాదు.

పెద్దల కోసం ఇక్కడే మరొక చోటు చెప్పాలి. కానిస్టన్ సరస్సు ఒడ్డున ఉన్న బ్రాంట్‌వుడ్ అనే ఇంట్లో జాన్ రస్కిన్ 1872 నుంచి 1900లో మరణించేవరకు ఉన్నారు. 1904లో జోహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైలులో గాంధీజీ రాత్రంతా మేలుకొని చదివి, ఆ తర్వాత తన జీవన విధానాన్నే మార్చుకున్న పుస్తకం ఈ రస్కిన్ రాసినదే. దాని సారాన్ని ఆయన గుజరాతీలో ‘సర్వోదయ’ పేరుతో రాశారు. సర్వోదయ మాట వింటూ పెరిగిన తరానికి వర్డ్స్‌వర్త్ ఇంటికన్నా ఈ ఇల్లే దగ్గరగా అనిపించవచ్చు. సరస్సు మీద పడవలో కూడా అక్కడికి చేరవచ్చు.

లోపాలు లేకపోలేదు. ఈ ప్రాంతంలోని సీత్‌వైట్ ఇంగ్లండ్‌లో అత్యధిక వర్షపాతం పడే ఊరు. ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దరిదాపు పడుతుంది, హైదరాబాద్‌లో పడేది సుమారు 800. జూలైలో కూడా గొడుగులు కాదు, టోపీ ఉన్న వానకోట్లు కావాలి. కొండగాలికి గొడుగు నిలవదు. ఆగస్టులో విండర్‌మియర్, గ్రాస్‌మియర్‌ల మీదుగా పోయే ఏ591 రోడ్డు మధ్యాహ్నానికి కార్లతో నిండిపోతుంది, పార్కింగ్ దొరకదు. ఉదయం తొమ్మిది లోపల మొదటి చోటికి చేరే పద్ధతి పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఇక హార్డ్‌నాట్, రైనోస్ అనే కొండదారులను నావిగేషన్ చూపించినా పట్టవద్దు. కొన్నిచోట్ల మూడడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే ఆ సన్నటి మలుపుల్లో, అద్దె కారులో, వెనక సీటులో పెద్దవాళ్లను పెట్టుకొని నడపడం వృథా సాహసం.

హావర్త్: చదివే పిల్లలున్న ఇంటికి

బ్రాంటీ సోదరీమణుల ఊరైన, యార్క్‌షైర్‌లోని హావర్త్‌ను లేక్ డిస్ట్రిక్ట్‌తో పోల్చినప్పుడు తేడా స్పష్టంగా ఉంటుంది. అక్కడ పుస్తకం చదవనివారు కూడా ఆనందించగలరు. ఇక్కడ చదివినవారి ఆనందం ఇంకా లోతుగా ఉంటుంది, చదవనివారికి మాత్రం అర పూటలో పని అయిపోతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల అమ్మాయో అబ్బాయో ‘జేన్ ఐర్’నో ‘వుదరింగ్ హైట్స్’నో చదివి ఉంటే, సందేహం లేకుండా ఇక్కడికే తీసుకురమ్మంటాను. ఆ రెండు నవలలూ 1847లోనే అచ్చయ్యాయి, రెండూ చాలావరకు వారి ఒక్క ఇంట్లోనే ఒకే భోజనాల బల్ల దగ్గర రూపుదిద్దుకున్నాయి. రాత్రిపూట అక్కాచెల్లెళ్లు ముగ్గురూ ఆ బల్ల చుట్టూ తిరుగుతూ తాము రాసినది ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు.

చర్చి గురువైన ప్యాట్రిక్ బ్రాంటీ 1820లో భార్యతో, ఆరుగురు పిల్లలతో ఈ ఇంటికి వచ్చారు. మరుసటి ఏడాదే భార్య పోయింది. 1825లో పెద్ద కూతుళ్లిద్దరు, 1848లో కొడుకు బ్రాన్‌వెల్, ఎమిలీ, 1849లో ఆన్, 1855లో షార్లెట్ పోయారు. అందరినీ సాగనంపి తండ్రి 1861 వరకు బతికారు. ఇంటి ముందు కిటికీ తెరిస్తే కనిపించేది శ్మశానమే. 1850లో ఊరి పారిశుద్ధ్యాన్ని పరిశీలించిన ప్రభుత్వ నివేదిక, కలుషితమైన నీటి వల్ల ఇక్కడి సగటు మరణ వయస్సు 25 ఏళ్ల దగ్గరే ఉందని తేల్చింది. ఆ కిటికీ దగ్గర నిలబడి ఈ సంగతులు తెలుసుకున్నాక, ఆ నవలల్లోని దిగులు ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. 1928లో మ్యూజియంగా మారిన ఈ ఇంట్లో పిల్లలను కట్టిపడేసేవి అగ్గిపెట్టెకన్నా పెద్దవి కాని చేతిరాత పుస్తకాలు. తండ్రి కొనితెచ్చిన చెక్క సైనికుల బొమ్మల కోసం షార్లెట్, బ్రాన్‌వెల్ చిన్నతనంలో చీమతలకాయంత అక్షరాలతో రాసి కుట్టినవవి. పదేళ్ల పిల్లలు ఇంటికి వచ్చాక అలాంటివి తామూ తయారుచేస్తామని కూర్చుంటారు.

ఇంటి వెనక నుంచే మూర్ మొదలవుతుంది. చెట్లు లేని, గాలి ఆగని, గడ్డీ హెదర్ పొదలూ పరుచుకున్న ఎత్తైన నేల అది. దానిమీదుగా మూడున్నర మైళ్లు నడిస్తే టాప్ విదెన్స్ అనే పాడుబడిన రైతు ఇల్లు వస్తుంది. ‘వుదరింగ్ హైట్స్’లోని ఇంటికి అదే ప్రేరణ అని చాలామంది నమ్ముతారు, అక్కడి ఫలకం మాత్రం, ఆ ఇంటికి నవలలో వర్ణించిన ఇంటితో ఎన్నడూ పోలిక లేదని నిజాయితీగా చెబుతుంది. అయినా నడవవలసిన దారే అది. ఆగస్టు నెలలో హెదర్ ఊదారంగులో పూసి కొండలన్నీ కప్పేస్తుంది. నడవలేని పెద్దలకోసం కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ వరకు నడిచే ఆవిరి రైలు ఉంది. స్వచ్ఛంద సేవకులు 1968 నుంచి నడుపుతున్న ఈ అయిదు మైళ్ల మార్గంలో హావర్త్ ఒక స్టేషను. ఊరి ప్రధాన వీధి రాళ్లు పరిచిన నిటారు ఎక్కుడు కాబట్టి, కింద దిగి నడిపించకుండా కారును పైన మ్యూజియం పక్కనున్న పార్కింగ్ వరకు తీసుకెళ్లాలి.

భోజనం విషయంలో ఈ ప్రాంతానిదే పైచేయి. పది మైళ్ల దూరంలో బ్రాడ్‌ఫర్డ్ ఉంది. ఉపఖండపు వంటలకు పేరుపడ్డ నగరం కాబట్టి, మూడు పూటలు శాండ్‌విచ్ తిని అలసిన నోటికి వేడి అన్నం, పప్పు దొరకడం కష్టం కాదు. ఆ నగరం అంచున ఉన్న థార్న్‌టన్‌లో బ్రాంటీ సోదరీమణులు పుట్టిన ఇంటిని కూడా 2025లో ప్రజల కోసం తెరిచారు. లీడ్స్, మాంచెస్టర్‌లలో ఉండేవారికి ఇదంతా ఒక్కరోజు ప్రయాణం. లండన్ నుంచి అయితే కనీసం రెండు రాత్రులు ఉండాలి.

హాంప్‌షైర్, దారిలో డార్కింగ్

సమయం ఒకటి రెండు రోజులే ఉండి, కారులో ఎక్కువ దూరం కూర్చోలేని పెద్దలుంటే జేన్ ఆస్టెన్ ఊరైన చాటన్‌ను ఎంచుకోవాలి. లండన్ నుంచి 50 మైళ్లు, ఆల్టన్ పట్టణం పక్కనే. ధనవంతులైన బంధువులు పెంచుకున్న సోదరుడు ఎడ్వర్డ్ ఇచ్చిన ఇటుక ఇంట్లో ఆమె 1809 నుంచి 1817 వరకు తల్లితో, అక్క కసాండ్రాతో ఉన్నారు. ఆమె నవలలన్నీ ప్రచురణకు సిద్ధమైనది ఇక్కడే. భోజనాల గదిలో కిటికీ పక్కన, పన్నెండు అంచులున్న చిన్న బల్ల ఒకటి ఉంటుంది. ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పెడితే మోచేయి ఆనించడానికి చోటు మిగలదు. అంతపాటి బల్ల మీద అన్ని నవలలు రాయడం నమ్మశక్యం కాదు. నా లెక్కలో ఇంగ్లండ్‌లోని సాహిత్య స్థలాలన్నింటిలో తప్పక చూడవలసిన ఒక్క వస్తువు అదే.

చాటన్ నుంచి 17 మైళ్ల దూరంలోని వించెస్టర్ కెథీడ్రల్‌లో ఆమె సమాధి ఉంది. 1817లో వేసిన రాతి పలక మీద ఆమె గుణగణాల గురించి చాలా రాశారు కానీ, నవలలు రాసిందన్న మాట లేదు. ఆ సంగతి చెప్పే ఇత్తడి ఫలకం 1872లో గాని పెట్టలేదు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఆ రెండింటినీ పక్కపక్కన చూపించాలి. మగపిల్లలకూ చూపించాలి.

ఈ దారిలో మన తెలుగువారికి మరొక కారణం కూడా ఉంది. లండన్ నుంచి నేరుగా చాటన్ వెళ్లకుండా డార్కింగ్ మీదుగా వెళ్తే, ఊరి పక్కనే బాక్స్ హిల్ వస్తుంది. ఆస్టెన్ 1815 చివర ప్రచురించిన ‘ఎమ్మా’లో కథానాయిక నోరు జారి ఒక పేద స్నేహితురాలిని నొప్పించే విహారం జరిగేది ఈ కొండ మీదే. కొండపై వరకు కారు వెళ్తుంది. తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం అక్కడి పచ్చిక మీద తిని, కొద్ది దూరంలోని డార్కింగ్ శ్మశానవాటికకు వెళ్లవచ్చు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి గోదావరి జిల్లాల బతుకు మార్చిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో ఈ ఊళ్లోనే మరణించారు. ఆయన సమాధి ఇక్కడే ఉంది. నవలాకారుడు జార్జ్ మెరెడిత్ సమాధి కూడా ఇదే ఆవరణలో ఉండడం వల్ల సాహిత్య యాత్ర నుంచి పక్కకు వెళ్లినట్టు కూడా కాదు. గోదావరి తీరం నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య కారులో ఉంటే మిగతావన్నీ మానుకొని అయినా ఇక్కడ ఆగాలి.

బాత్ నగరాన్ని కూడా ఈ యాత్రలో కలపాలని చాలామందికి ఉంటుంది. ఆస్టెన్ 1801 నుంచి 1806 వరకు అక్కడ ఉన్నమాట నిజమే గాని, అది నగరం. కారు అక్కడ బరువే అవుతుంది. దానికి లండన్ నుంచి రైలులో వేరే రోజు వెళ్లడమే సుఖం.

డార్సెట్

హార్డీ నవలలు చదివినవారికి డార్సెట్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఆయన 1840లో పుట్టిన గడ్డికప్పు ఇల్లు హయ్యర్ బాక్‌హాంప్టన్‌లో చెట్ల మధ్య ఉంది; కారును కొంత దూరంలో ఆపి అడవిదారిన నడిచి వెళ్లాలి. వాస్తుశిల్పిగా శిక్షణ పొందిన ఆయన తన కోసం తానే గీసుకొని కట్టించుకున్న మాక్స్ గేట్ డార్చెస్టర్ అంచున ఉంది. 1885 నుంచి 1928లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. చితాభస్మాన్ని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఉంచి, గుండెను మాత్రం స్టిన్స్‌ఫర్డ్ చర్చి ఆవరణలో మొదటి భార్య పక్కన పూడ్చారు. కౌలుదార్ల కష్టాలు, పొలం పనులకోసం ఊళ్లు మారే కూలీలు, వర్షం మీద ఆధారపడ్డ బతుకు నిండిన ఆ నవలలు వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన తెలుగు పాఠకులకు ఆస్టెన్ దొరబంగళాలకన్నా సులభంగా అందుతాయి.

పుస్తకాలతో సంబంధం లేని పిల్లలున్నా డార్సెట్ భయం లేని ఎంపిక. దానికి కారణం సముద్ర తీరం. లైమ్ రీజిస్, చార్‌మత్‌ల ఒడ్డున కోట్ల ఏళ్లనాటి, నత్తల్లా కనిపించే శిలాజాలు రాళ్ల మధ్య చేతికే దొరుకుతాయి. విడిగా పడి ఉన్నవాటిని ఏరుకోవచ్చు గాని, కొండచరియల కిందికి పోవడం, వాటిని తవ్వడం ప్రమాదకరం. అవి తరచూ విరిగిపడతాయి. ఆటుపోట్ల వేళలు చూసుకొని సముద్రం వెనక్కి తగ్గే సమయానికి వెళ్లాలి. లైమ్ రీజిస్‌లోని కాబ్ అనే పాత రాతి గోడ రేవు మీదనుంచే ఆస్టెన్ ‘పర్స్యుయేషన్’లో లూయిసా దూకి పడిపోతుంది. లోపం రోడ్లది: రెండువైపులా మనిషికన్నా ఎత్తైన పొదల కంచెలు, ఒక్క కారు పట్టే సందులు, ఎదురుబండి వస్తే వెనక్కి నడిపి పక్కకు ఒదగవలసిన చోట్లు. కొత్తగా ఈ దేశంలో నడుపుతున్నవారు మొదటి యాత్రగా దీనిని పెట్టుకోకపోవడం మంచిది.

చిన్నపిల్లలుంటే ససెక్స్

ఆరేడేళ్లలోపు పిల్లలతో నవలాకారుల ఇళ్లు తిరగడం ఎవరికీ సుఖం కాదు. వారికి హార్ట్‌ఫీల్డ్ దగ్గరి యాష్‌డౌన్ ఫారెస్ట్ చాలు. ఎ. ఎ. మిల్న్ 1926లో, 1928లో రాసిన ఎలుగుబంటి బొమ్మ కథలకు ఈ అడవే రంగస్థలం. వంతెన మీదనుంచి వాగులోకి పుల్లలు వేసి, అవతలివైపు ఎవరిది ముందు వస్తుందో చూసే ఆట ఆడడానికి లోకం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. వంతెన దగ్గర పుల్లలు మిగలవు. దారిలోనే ఏరుకొని వెళ్లాలి, దారి బురదగా ఉంటుంది. అక్కడికి సుమారు 20 మైళ్ల దూరంలో బర్‌వాష్ గ్రామంలో కిప్లింగ్ 1902 నుంచి 1936 వరకు ఉన్న బేట్‌మన్స్ అనే ఇల్లు ఉంది. బొంబాయిలో పుట్టి మౌగ్లీ కథలు రాసిన ఆయన సామ్రాజ్యవాద భావాలతో మనకు పేచీ ఉంది, ఉండాలి కూడా. ఆ సంగతిని పెద్ద పిల్లలతో మాట్లాడడానికి ఆ ఇల్లు తగిన చోటు. తోటా, వాగు ఒడ్డున నీటిమరా చిన్నవాళ్లకు సరిపోతాయి.

స్ట్రాట్‌ఫర్డ్‌ను ఎందుకు చివర పెట్టాను

షేక్స్‌పియర్ పేరు అన్నింటికన్నా పెద్దది కనుక చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. 1564లో ఆయన పుట్టిన హెన్లీ వీధి ఇల్లు, సమాధి ఉన్న హోలీ ట్రినిటీ చర్చి తప్పక చూడదగినవే. పుట్టిన ఇంటి తోటలో రవీంద్రనాథ్ టాగోర్ విగ్రహం చూసి మన పెద్దవాళ్లు సంతోషిస్తారు. కానీ అది దుకాణాలతో నిండిన పట్టణం. ఆయన నాటకాలు ఆ నేల మీద కాక రంగస్థలం మీద బతుకుతాయి. అందువల్ల దానిని ప్రత్యేక యాత్రగా కాకుండా, లండన్ నుంచి ఉత్తరాదికి వెళ్లే దారిలో ఎం40 మోటార్‌వే 15వ జంక్షన్ దగ్గర దిగి ఒక పూట ఆగే మజిలీగా పెట్టుకోవాలి. సాయంత్రం నాటకానికి టికెట్లు దొరికితే ఒక రాత్రి అక్కడే ఉండడం అన్నివిధాలా సార్థకం.

కారు, బస, వేళలు

సందర్శకులుగా వచ్చినవారు చెల్లుబాటయ్యే భారతీయ లైసెన్సుతో 12 నెలల వరకు ఇక్కడ కారు నడపవచ్చు, నడిపేది కూడా మనలాగే ఎడమవైపు. అయినా విమానం దిగిన రోజే స్టీరింగ్ పట్టవద్దు. రౌండబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్న ఒక్క నియమం అలవాటు కావడానికే ఒక రోజు పడుతుంది. పిల్లలకు 12 ఏళ్లు నిండేవరకు గాని, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు గాని తగిన సీటు చట్టప్రకారం తప్పనిసరి. ఏది ముందైతే అది వర్తిస్తుంది. అద్దె కారును లండన్ నడిబొడ్డున కాకుండా విమానాశ్రయం దగ్గరో, యాత్ర మొదలయ్యే పట్టణంలోనో తీసుకుంటే రద్దీ రుసుము బెడద ఉండదు.

బసకు హోటల్ గదులకన్నా వంటగది ఉన్న కాటేజ్ మేలు. రైస్ కుక్కర్, పచ్చడి సీసా వెంట ఉంటే పెద్దవాళ్ల ఆరోగ్యం నిలబడుతుంది, పల్లెల్లోని పబ్బుల్లో శాకాహారం కోసం వెతకవలసిన అవసరమూ ఉండదు. అయితే వేసవిలో చాలా కాటేజ్‌లను వారానికి తక్కువ అద్దెకు ఇవ్వరు. అందుకే వారం రోజులు పట్టే లేక్ డిస్ట్రిక్ట్, డార్సెట్‌లకు కాటేజ్ సరిపోతుంది. హావర్త్, హాంప్‌షైర్‌లకు రెండు రాత్రుల గదులే తీసుకోవాలి.

ఈ ఇళ్లలో చాలావాటికి శీతకాలంలో సెలవులుంటాయి, మిగతా నెలల్లో కూడా వారంలో ఒకటి రెండు రోజులు మూసి ఉంచుతారు. పటం గీసుకోకముందే ప్రతి ఇంటి తెరిచే రోజులు చూసుకొని, వాటిని బట్టి దారి నిర్ణయించుకోవాలి. నెలల విషయానికి వస్తే, పెద్దవాళ్లు మాత్రమే వస్తుంటే మే నెల అన్నిచోట్లకూ మంచిది. పిల్లల సెలవులతో ముడిపడి ఆగస్టులోనే కదలవలసి వస్తే, జనం కిక్కిరిసే లేక్ డిస్ట్రిక్ట్‌కన్నా హెదర్ పూసిన హావర్త్ నయం. పది రాత్రులు దొరికితే మాత్రం ఈ రెండింటినీ కలపవచ్చు: హావర్త్‌లో రెండు రాత్రులు ఉండి, అక్కడి నుంచి 80 మైళ్ల దూరంలోని గ్రాస్‌మియర్‌కు శనివారం చేరి వారం కాటేజ్ తీసుకొని, తిరుగుదారిలో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక రాత్రి ఆగితే, ఏ రోజూ పిల్లలను ఆరు గంటలకు మించి కారులో కూర్చోబెట్టవలసిన అవసరం రాదు.